కొమ్ముమందు కెంచమ్మ

కెంచమ్మ అంటే నాకు కుళ్ళు. ఆమె గురించి రాయమని అడిగినవాళ్ళు నేనేదో ఆమెకు శిష్యురాలినని అనుకుంటున్నారు కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. శిష్యురాలినీ కాదు, గాడిదగుడ్డూ కాదు. నేను బాటనీలో ఎమ్మెస్సీ చేశాను, యూనివర్సిటీలో మూడో ర్యాంకు. ఆమె బళ్ళారి జిల్లా సండూరు తాలూకా చోరనూరులో కూలికి పోయే మనిషి, అక్షరం ముక్క రాదు. అయినా మా గురురాజ్ సార్ ఏ సభలో మైకు పట్టుకున్నా ముందు కెంచమ్మ పేరు చెప్పి, మంచినీళ్ళు తాగి, ఆ తర్వాత గుర్తొస్తే నా పేరు చెబుతాడు.

ఆమెకు యాభై ఐదేళ్ళుంటాయి. పొట్టి మనిషి, నోట్లో ఎప్పుడూ వక్క. భర్త బసప్ప యశ్వంతనగర్ దగ్గర గనిలో లారీలకు ఖనిజం ఎత్తి ఎత్తి, ఊపిరి చెడి ఇంటిపట్టున ఉండిపోయాడు. కెంచమ్మ వానాకాలం వేరుశనగ కలుపుకు, చలికాలం మిరపచేలకు పోతుంది. ఇంతవరకూ ఆ తాలూకాలో వందమంది ఆడవాళ్ళ కథ ఇదే. కెంచమ్మకు వేరే పేరు తెచ్చినవి ఎద్దులు.

ఎద్దుకు ఒక్కోసారి కొమ్ము మొదట్లో పుండు లేస్తుంది. లోలోపలే కుళ్ళి, కొమ్ము ఒక పక్కకు వాలిపోతుంది, ముక్కులోంచి నెత్తురు కారుతుంది. పశువుల డాక్టర్లు దాన్ని కొమ్ము క్యాన్సర్ అంటారు, కొమ్ము కోసేస్తారు. కోయించడానికి మనసొప్పని రైతులు కెంచమ్మ దగ్గరికి వస్తారు. ఆమె గుట్ట మీది ఒక చెట్టు బెరడు తెచ్చి, నూరి, ఆముదంలో కలిపి పట్టు వేస్తుంది. అందుకు ఏమీ తీసుకోదు. ఎద్దు లేచి మేతకు పోయిన రోజు ఆ ఇంట్లో ఒక పూట భోంచేసి వస్తుంది. ఎద్దు లేవకపోతే ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టదు. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు తగ్గాయి, కెంచమ్మకు ఆ భోజనాలూ తగ్గాయి.

చెట్టు పేరు నేను రాయను. ఆ గుట్ట మీద మిగిలినవి నలభై కూడా లేవు. పేరు బయటపడితే వారంలో నాలుగు కూడా మిగలవు.

ఇక నా సంగతి. గురురాజ్ సార్ బళ్ళారిలో ప్రొఫెసరు. క్యాన్సర్ మందుల్లో కొన్ని మొక్కల నుంచి వచ్చినవే. మన వాకిళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచే పిల్లల రక్త క్యాన్సర్‌కు మందు తీశారు. అలాంటిది సండూరు కొండల్లో ఇంకేదైనా ఉందేమో వెతకడం సార్ ప్రాజెక్టు, అందులో నేను అసిస్టెంటును. కొండలెక్కి ఆకులో వేర్లో బెరడో తేవాలి. నీడలో ఆరబెట్టి, పొడి చేసి, ఆల్కహాలులో నానబెట్టి, సారం తీసి, చిన్న సీసాల్లో బెంగళూరు ల్యాబుకు పంపాలి. అక్కడ పళ్ళేల్లో పెంచిన క్యాన్సర్ కణాల మీద ఆ సారం వేసి చూస్తారు. కణాలు చస్తే మాకు పండగ. చావకపోతే ఇంకో మొక్క కోసం కొండెక్కాలి. నాలుగేళ్ళలో నేను నూట పన్నెండు మొక్కలు పంపాను, కాళ్ళు అరిగిపోయాయి తప్ప పండగ రాలేదు.

2022 అక్టోబరులో హులిగెప్ప అనే చోరనూరు రైతు సార్‌కు కనబడి, తన ఎద్దు కొమ్ముపుండు కెంచమ్మ మందుతో మానిందని చెప్పాడు. అది క్యాన్సర్ అయి ఉండదులెమ్మని పశువుల డాక్టరు కొట్టిపారేశాడు. సార్ మాత్రం ఆ రోజే నన్ను జీపెక్కించి చోరనూరు తీసుకెళ్ళాడు.

"ఆ చెట్టు మాకు చూపిస్తావామ్మా?" అని అడిగాడు.

కెంచమ్మ వాకిట్లో చాట పట్టుకొని ఉంది. మమ్మల్ని కిందినుంచి పైకి చూసింది. "చూపిస్తా సామీ. ఎనిమిది దినాలు ఇడిసి రాండి," అంది.

బెట్టు చేస్తోందని నాకు ఒళ్ళు మండింది. యూనివర్సిటీ జీపు ఇంటి ముందుకొస్తే వారం తర్వాత రమ్మంటుందా! సార్ మాత్రం చేతులు జోడించి సరేనన్నాడు.

ఎనిమిదో రోజు వెళ్ళాం. జీపులో ముందు సీటు ఆమెకిచ్చి, నన్ను వెనక సంచుల మధ్య కూర్చోబెట్టాడు సార్. గుట్ట ఎక్కలేక సార్ జీపు దగ్గరే ఉండిపోయాడు. సగం ఎక్కాక ఆమె నాకు మూడు చెట్లు చూపించింది. మూడింటికీ రొమ్ము ఎత్తున పసుపు దారం కట్టి ఉంది. దారం కింద మాను మీద మూడేసి గాట్లు, వాటిలోంచి ఎర్రటి జిగురు కారి గట్టిపడుతోంది. ఆ గాట్ల చుట్టూ ఉన్న బెరడే ఒలిచి ఇచ్చింది. గాట్లు, జిగురు, దారం, మూడూ నా చిత్తు పుస్తకంలో రాసుకున్నాను. ఫోటోకు అడ్డమని దారాలు తెంపేశాను.

ఆ సాయంత్రం సండూరులో మేం దిగిన గదిలో కూర్చుని అసలు ఫీల్డ్ బుక్కులోకి ఎక్కించేటప్పుడు ఆ మూడూ వదిలేశాను. ఎందుకు వదిలేశానో దాచిపెట్టను. గాట్లు రాస్తే, కెంచమ్మ మాకంటే ముందే ఒక్కతే వచ్చి చెట్టును సిద్ధం చేసిందని కూడా రాయాలి. అప్పుడు పని ఆమెది అవుతుంది, నేను సంచీ మోసినదాన్ని అవుతాను. దారమూ పసుపూ మూఢనమ్మకం, సైన్సు పుస్తకంలో వాటికేం పని అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చెట్టు ఎక్కడుంది, ఎత్తెంత, ఏ తేదీన కోశాం, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

డిసెంబరులో బెంగళూరు నుంచి ఫోనొచ్చింది. కణాలు చచ్చాయి. అదీ చాలా కొద్ది మోతాదుకే. సార్ కుర్చీలోంచి లేచి నిలబడి, "కెంచమ్మ!" అన్నాడు. ఎదురుగా నిలబడింది నేను.

ఆ తర్వాత నెల రోజులు నేను పడిన మంట చెప్పలేను. పేపరువాళ్ళు చోరనూరు వెళ్ళి ఆమె ఫోటో వేశారు, పక్కన నా మోచెయ్యి పడింది. నూట పన్నెండు మొక్కలు తెచ్చినప్పుడు ఒక్క టీ కూడా ఇప్పించని డిపార్ట్‌మెంటు ఆమెకు శాలువా కప్పింది. మా అమ్మ కూడా పేపరు చూసి, "ఈమె ఎంత బాగుందే, దేవతలా ఉంది," అంది. ఆ పూట నేను అన్నం తినలేదు.

సారంలో వందల పదార్థాలుంటాయి. కణాలను చంపింది వాటిలో ఏదో విడదీయాలంటే ఇంకా రెండు కిలోల బెరడు కావాలంది ల్యాబు. 2023 ఫిబ్రవరిలో సార్ కెంచమ్మకు కబురు పెట్టమన్నాడు.

"ఆమె ఎందుకు సార్? చెట్టు నాకు తెలుసు, నేను తెస్తాను," అన్నాను.

జీపు కెంచమ్మ ఇంటి ముందునుంచే పోవాలి. ఆమె వాకిట్లో నిలబడి ఉంది. నేను ఫోను చూసుకుంటున్నట్టు తల తిప్పుకున్నాను. గుట్టెక్కి, ఆరు చెట్ల నుంచి మానుకు ఒక పక్కనే పద్ధతిగా బెరడు ఒలిచి తెచ్చాను. ఈసారి నేనే కోశాను, నేనే మోశాను. ముందు సీట్లో నేనే కూర్చున్నాను.

బెరడు పనిచేయలేదు. కణాలు హాయిగా పెరిగాయి.

కాలం తేడా అయి ఉంటుందన్నాడు సార్. వానలు పోయి ఎండిన చెట్టుకూ, తడి మీదున్న చెట్టుకూ తేడా ఉంటుంది, నిజమే. అక్టోబరు దాకా ఆగి, అదే వారం, మొదటి మూడు చెట్ల నుంచే తెచ్చాను. ఈసారీ కెంచమ్మ వాకిట్లోనే ఉంది, ఈసారీ నేను తల తిప్పుకున్నాను. ఆ బెరడూ ఉత్తదే అయింది.

డిసెంబరు చివర సార్ నన్ను గదికి పిలిచాడు. తలుపు వేయమన్నాడు. "గౌతమీ, బెంగళూరువాళ్ళు ఒక మాట అంటున్నారు. పోల్చి చూడటానికి మన దగ్గర అసలైన క్యాన్సర్ మందు ఉంటుంది కదా, మొదటి సీసాలో అది కలిసిపోయి ఉంటుందట. పొరపాటునైనా కావచ్చు," అని ఆగాడు. "కావాలనైనా కావచ్చట."

మళ్ళీ పరీక్ష చేసి చూడమనడానికి మొదటి సారం చుక్క కూడా మిగల్లేదు. మార్చితో ప్రాజెక్టు ముగుస్తుంది. ఈలోగా ఆ ఫలితం మళ్ళీ రాకపోతే ప్రాజెక్టు పోవడమే కాదు, మందు కలిపి మోసం చేసిన పిల్లగా నేను మిగులుతాను. అలాంటి పేరు పడినదాన్ని ఏ ల్యాబూ గుమ్మం ఎక్కనివ్వదు.

ఇంటికెళ్ళి చిత్తు పుస్తకం తీశాను. గాట్ల సంగతి అప్పటిదాకా గుర్తు రాలేదని చెబితే అబద్ధం. రెండోసారి బెరడు ఉత్తదైనప్పుడే గుర్తొచ్చింది. గుర్తొచ్చిన ప్రతిసారీ పక్కకు నెట్టాను. అది నిజమైతే మళ్ళీ కెంచమ్మ గడప తొక్కాలి, అది నా వల్ల కాదు. ఇప్పుడు నెట్టడానికి చోటు లేదు.

జనవరి మొదటి వారం, ఖనిజం లారీల వెనక ఈడుస్తూ పోయే బస్సులో చోరనూరు చేరాను. కెంచమ్మ వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. గుంజకు హులిగెప్ప రెండో ఎద్దు కట్టేసి ఉంది. దాని ఎడమ కొమ్ము వాలిపోయి ఉంది. హులిగెప్ప దాని మెడ నిమురుతూ నిలబడ్డాడు.

"ఏం పాపా, ఈ తూరి జీపు ఆగిందే?" అంది కెంచమ్మ తలెత్తకుండానే.

"బస్సులో వచ్చినానక్కా. బెరడు పనిచేయడంలే."

ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. కొంగుకు చేతులు తుడుచుకుని లేచింది. "ఈ ఎద్దు కోసం గుట్టకి పోతాండా. రా."

గుట్ట మీద ఒక చెట్టు దగ్గర ఆగింది. పదునైన రాయి ఒకటి ఏరుకుని, మాను మీద మూడు గాట్లు పెట్టింది. వాటి పైన పసుపు దారం చుట్టి, చెట్టు మీద అరచెయ్యి ఆనించింది. "అమ్మా, ఎనిమిది దినాలకి వస్తా. తయారు చేసి పెట్టు," అని చెట్టుతో అంది. ఆ మాట వినగానే నా చదువంతా ఒక్కసారి ముందుకొచ్చి నిలబడింది. గాయమైన చెట్టు తనను కాపాడుకోవడానికి కొత్త పదార్థాలు తయారు చేసుకుంటుందని ఎమ్మెస్సీ రెండో ఏడు పరీక్షలో నేనే పది మార్కుల జవాబు రాశాను.

"గాట్లు పెట్టకుంటే ఏమవుతుందక్కా?"

"ఉత్త చెక్క. ఎద్దుకి రాసినా ఒగటే, గోడకి రాసినా ఒగటే."

"మేము రెండు తూర్లు కోసుకొని పోతిమే. ఒక మాట చెప్పకూడదా?"

కెంచమ్మ పక్కనున్న బండ మీద కూర్చుంది. "జీపు నా వాకిలి ముందరే పాయ. నువ్వు తల అట్ల తిప్పుకుంటివి. పోనీ, ఉత్త చెక్క కోసుకొని పోనీ, అనుకుంటి. తెలిసే నోరు మూసుకొని సుమ్నే ఉంటి పాపా. కడుపుమంట."

"నా మీద నీకెందుకు కడుపుమంట? పేపర్లో నీ ఫోటోనే కదా వచ్చింది!"

ఆమె నవ్వింది. "ఫోటో ఏం చేసుకోవల్ల? మా అత్త హొన్నమ్మ ఈ మందు పెద్దకోడలు కొట్రమ్మకి చూపిచ్చేది, నాకు చూపిచ్చల్యా. నేను గంప మోసేదాన్ని. దూరంగా ఉండు అనేది. కొట్రమ్మని చూస్తే నాకు నిప్పులు పోసినట్ల ఉండేది. ఆ కుళ్ళుతోనే చెట్ల చాటున నిలబడి చూసి చూసి నేర్చుకుంటి. కొట్రమ్మకి ఓపిక లేక ఇడిసిపెట్టింది, నాకు మిగిలింది. అంత కష్టపడి నేర్చుకున్నేది, నువ్వొచ్చి ఒగ దినంలో పుస్తకంలో రాసుకొని పోతివి. రాసుకుంటే అది నీది అయితాది. నాది గాలిమాట. నాకు మండదా?"

నేను రాసుకోలేదని ఆమెకు తెలియదు. ఆ మాట చెప్పకుండానే తల దించుకుని గుట్ట దిగాను.

ఎనిమిదో రోజు మళ్ళీ వెళ్ళాను. ఎద్దుకు పోగా మిగిలిన బెరడు కెంచమ్మ నాకిచ్చింది. గాట్లు లేని పక్క చెట్టు నుంచి ఇంకో పొట్లం తీసుకున్నాను. రెంటినీ సార్ బల్ల మీద పెట్టి, "చెట్టుకు గాయం చేసి ఎనిమిది రోజులు ఆగి కోశాను సార్. పోల్చి చూద్దాం," అన్నాను. ఆ ఆలోచన ఎవరిదో సార్ అడగలేదు. నేను చెప్పలేదు.

ఫిబ్రవరి చివర్లో ఫలితం వచ్చింది. గాట్ల చెట్టు బెరడుకు కణాలు మొదటిసారి లాగే చచ్చాయి. గాట్లు లేనిది ఉత్తదే. గ్లాసు పళ్ళెంలో కణాలు చావడానికీ, మనిషికి మందు కావడానికీ మధ్య పది పదిహేనేళ్ళ పని ఉంటుంది, చాలావరకు దారిలోనే ఆగిపోతాయి కూడా. హులిగెప్ప ఎద్దు లేవనే లేదు. కెంచమ్మ ఆ ఇంట్లో నీళ్ళు ముట్టకుండా వచ్చేసింది. అయినా మాకు పండగే. మందు కలిపిందన్న మాట నా మీదినుంచి పోయింది, ప్రాజెక్టును ఇంకో మూడేళ్ళు పొడిగించారు. సార్ మీటింగులో నన్ను లేపి నిలబెట్టి, "ఈ గాయం సంగతి కనిపెట్టింది మన గౌతమి!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. మొదటిసారి నా పేరు ముందొచ్చింది, కెంచమ్మ పేరు అసలు రానే లేదు. నాకు ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. కూర్చునేటప్పుడు మాత్రం కుర్చీ ఎక్కడుందో చేత్తో తడుముకోవలసి వచ్చింది.

మార్చిలో చోరనూరు పంచాయితీతో ఒప్పందం రాసుకోవడానికి వెళ్ళాం. చెట్లు కాపాడాలి, రేపు మందు వస్తే ఊరికి వాటా ఉండాలి, ఇలాంటివి. కెంచమ్మ అన్నీ విని, తనదొక షరతు ఉందంది.

"ఈ పాప పుస్తకంలో రాసేది నాకు చదివి చెప్పల్ల. గుట్ట దిగిన ప్రతి దినం. మొదట్నుంచీ."

"అంతేనా?" అన్నాడు సార్ తేలిగ్గా. "చదువు గౌతమీ. ఇప్పుడే మొదలుపెడదాం."

కెంచమ్మ వాకిట్లోనే కూర్చున్నాం. లోపల బసప్ప దగ్గు వినబడుతోంది. ఫీల్డ్ బుక్కు తెరిచి 2022 అక్టోబరు పేజీ చదివాను. ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పుకుంటూ పోయాను. చోటు, ఎత్తు, మాను చుట్టుకొలత, బెరడు రంగు, తేదీ. చదవడం అయిపోయింది.

"ఇంకా ఉండాది," అంది కెంచమ్మ.

"అంతే అక్కా."

"ఉండాది. నేను గాట్లు పెట్టింటి. దారం కట్టింటి. నువ్వే తెంపితివి కదా. చదువు."

సార్ నా వైపు చూశాడు. పుస్తకం తీసుకుని పేజీ తానే చదువుకున్నాడు. మళ్ళీ చదివాడు. "మొదటిసారే గాట్లు ఉన్నాయా?" అని నెమ్మదిగా అడిగాడు. "ఆమె పెట్టిందా? మరి మొన్న నువ్వు..." అని ఆపేశాడు. ఆయన ముఖంలోకి చూడలేకపోయాను. కెంచమ్మకు అప్పటికి విషయం అర్థమైంది. నేను ఆమె విద్యను రాసుకుపోయానని ఇన్నాళ్ళూ మండింది. ఇప్పుడు చూస్తే నేను అసలు రాయనే లేదు. ఆమె ముఖం చిన్నబోయింది. ఆ ముఖం చూశాకే నాకు ఏడుపొచ్చింది.

ఫీల్డ్ బుక్కులో ఏదీ చెరపకూడదు. వదిలేసింది చేర్చాలంటే ఆ రోజు తేదీ వేసి, పక్కన కారణం రాసి, సంతకం పెట్టాలి. సార్ పుస్తకం నా ఒళ్ళో పెట్టాడు. "చేర్చు. కారణం కూడా రాయి," అన్నాడు. ఆయన నాతో అంత పొడిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

గాట్ల సంగతి రాశాను. దారం సంగతి రాశాను. ఎనిమిది రోజుల ముందు కెంచమ్మ ఒక్కతే వచ్చి పెట్టిందని రాశాను. కారణం దగ్గర పెన్ను ఆగింది. 'మరపు' అని రాస్తే సరిపోతుంది. అందరూ అదే రాస్తారు, సార్ కూడా ఇంకేమీ అనడు. కెంచమ్మ నా పెన్ను కొసనే చూస్తోంది. ఆమెకు చదవడం రాదు. ఏం రాసినా, ఏం చదివి వినిపించినా నమ్మక తప్పదు.

"ఏం రాస్తాండావు పాపా?"

"కుళ్ళు," అన్నాను. "కెంచమ్మ మీద కుళ్ళుతో రాయలేదు, అని రాస్తున్నానక్కా." అన్నాక రాశాను.

హులిగెప్ప దారిన పోతూ ఆగి చూసి వెళ్ళిపోయాడు. కెంచమ్మ లేచి వెళ్ళి నోట్లో వక్క ఉమ్మి వచ్చింది.

"దాని కింద నాది కూడా రాయి," అంది చివరికి. "రెండు తూర్లు జీపు పోతాంటే చూసి, తెలిసీ చెప్పల్యా అని. కారణం అదే."

రాశాను. చదివి వినిపించాను. ఆమె వేలిముద్ర వేసింది, నేను సంతకం పెట్టాను. సార్ రెండింటి కిందా సంతకం పెట్టి, పుస్తకం మూయకుండా కెంచమ్మకు ఇచ్చాడు. ఆమెకు అందులో ఒక్క అక్షరం తెలియదు. అయినా వేలు పెట్టి, పైనుంచి కిందిదాకా, ఒక్కో వరుసే చూసుకుంది.